గువ్వలచెరువు ఘాటులో పడని బ్రేకు

మా పక్కింటాయన ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఎక్కడినుంచో ఒక పాతకాలపు కారు తెచ్చి ఇంటిముందు పెట్టుకున్నాడు. మొన్న పొద్దున మొక్కలకు నీళ్ళు పోస్తుంటే కారు కిందనుంచి ఆయన కాళ్ళు మాత్రం కనిపించాయి. ఏం చేస్తాండావప్పా అని పలకరించాను. "ఈ సైలెన్సర్ పైపు బ్రేకు గొట్టానికి ఆనుకోని పోతాండాదమ్మా. వేడి తగలకుండా నడుమ రేకు పెడతాండా" అన్నాడు. మంచి పని అన్నాను. చెంబు అక్కడే పెట్టి లోపలికి వచ్చి కూర్చున్నాను. గుండె దడ పుడుతుందనుకున్నాను. పుట్టలేదు.

మాది కడప దగ్గర పల్లె. యాభైల నాటి మాట. మా అన్న మద్రాసు చదువు మధ్యలో వదిలేసి వస్తూ, స్వదేశం వెళ్ళిపోతున్న ఒక దొర దగ్గర పాత కారు కొనుక్కొచ్చాడు. చదువు పోయినందుకు కాదు గానీ కారు వచ్చినందుకు నాయన చాలాకాలం అన్నతో మాట్లాడలేదు. మా పెద్దమ్మ కారెక్కే ముందు చెప్పులు విప్పి బయటే పెట్టేది. ఊరు దాటాక అవి గుర్తొచ్చి బండి వెనక్కు తిప్పించేది. వదిన మాత్రం దర్జాగా ముందు సీట్లో అన్న పక్కన కూర్చునేది. ఎదురుగా ఎద్దులబండి వస్తే అన్నకంటే ముందు తనే కాలు నేలకు అదిమేది. "నువ్వు తొక్కితే నిలబడదే" అని అన్న నవ్వేవాడు. నేను అప్పటికి పెళ్ళికాని పిల్లను. వదిన రాయచోటిలో పుట్టింటికి పోయినప్పుడల్లా తెచ్చే కొత్త కబుర్లే నాకు ప్రపంచం.

ఆ వేసవిలో మా ఊరి బండలదారిలో కారు సైలెన్సర్ పైపు రాయికి తగిలి విరిగింది. టౌనులో కొత్త పైపు వేయించారు. అది పాతదానికంటే కాస్త పక్కకు జరిగి, బ్రేకు నూనె పోయే సన్నని రాగిగొట్టాన్ని ఒరుసుకుంటూ కూర్చుంది. ఆ సంగతి అప్పుడు ఎవరూ చూడలేదు. ఆ తర్వాతే అన్నావదినలు రాయచోటికి పోయారు. తిరిగి వస్తూ, మిట్టమధ్యాహ్నం గువ్వలచెరువులో ఆగారు. ఇంటికి పాలకోవా కొందామంది వదిన. కొన్నారు, నీళ్ళు తాగారు, కాసేపు నీడన కూర్చున్నారు. ఆ పైన ఘాటు దిగసాగారు. మొదటి పెద్ద మలుపులో అన్న బ్రేకు తొక్కితే కాలు నేలకంటింది. ఒకపక్క లోయ, ఒకపక్క కొండ. అన్న కొండవైపు తిప్పాడు. వదిన కూర్చున్నది ఆ వైపే.

వదినను ఇంటికి తెచ్చినప్పుడు నేను దొడ్లో ఆరేసిన బట్టలు తీస్తున్నాను. ఎవరో వచ్చి చెప్పారు. నేను మిగిలిన బట్టలు కూడా తీసి, మడతపెట్టి, అప్పుడు లోపలికి పోయాను.

అన్నకు మోచేయి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. అదే జనానికి మింగుడు పడలేదు. పైగా, ఘాటుకు పోయినవాళ్ళలో ఒకరు సాయంత్రం కారెక్కి బ్రేకు తొక్కి చూశారు. రాయిలా గట్టిగా ఉంది. బ్రేకు పడలేదని అన్న, బ్రేకు బాగుందని ఊరు. కర్మాంతరాల రోజు వదిన నాయన మా అన్న పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు. "నిజం చెప్పప్పా. కునుకు పట్టిందా?" అన్న ఆయన ముఖంలోకి చూస్తూ, "లేదు మామా" అన్నాడు. అటు తర్వాత ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అన్నం వేళకు తినేవాళ్ళం. పశువులకు మేత పడేది. ఎవరూ గట్టిగా ఏడవలేదు. కొన్నాళ్ళకు అన్నే నాతో అన్నాడు, "నాకే అనుమానంగా ఉండాది పాపా. నిద్రపోయినానేమో."

కారు తలుపు సొట్ట తీయించాక ఒకరోజు పొద్దున్నే బయటికి తీశాడు. యాడికన్నా అంటే ఘాటుకన్నాడు. నేనూ ఎక్కాను. రాయచోటి దాకా పోయి, ఊళ్ళోకి పోకుండానే వెనక్కు తిరిగాం. మిట్టమధ్యాహ్నం అదే కోవా అంగడి ముందు ఇంజను ఆపాడు. ఆరోజు ఆగినంతసేపూ ఆగాం. తర్వాత బండి కదపకుండా బ్రేకు తొక్కాడు. దిగి, నన్ను కూర్చోబెట్టాడు. "తొక్కు పాపా." తొక్కాను. బురదలో దిగబడినట్టు కాలు పోయింది. అన్న కింద దూరి గొట్టం మీద నీళ్ళు చిలకరిస్తే సుయ్యిమంది. పైపు వేడికి నూనె మరిగి లోపల ఆవిరి బుడగలు కట్టింది. తొక్కితే అణిగేది ఆ బుడగలే, చక్రాలదాకా పట్టు పోదు. చల్లారితే మళ్ళీ మామూలే. పొద్దు వాలేదాకా కూర్చుని తొక్కితే బ్రేకు గట్టిపడింది. "ఆగకుండా పోయింటే గాలికి ఇంత కాగేది కాదేమో" అన్నాడు అన్న, చేతులు తుడుచుకుంటూ.

వెంటనే బాగుచేయించలేదు. మర్నాడే పోయి మామను కారులో ఎక్కించుకుని అక్కడికి తెచ్చాడు. నేను వెనకసీట్లో ఉన్నాను. ఆయన తొక్కాడు. కాలు తీసి ఇంకోసారి తొక్కి, "సరేప్పా. నీది తప్పు లేదు" అన్నాడు. అన్న తలూపాడు. ఇద్దరి ముఖాల్లోనూ ఏ మార్పూ లేదు. ఆ వారమే అన్న తన చేత్తోనే పైపును దూరం జరిపి బిగించి, నడుమ రేకు అడ్డం పెట్టాడు. కారును మరెన్నో ఏళ్ళు నడిపాడు. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

నిజం తేలితే ఏడుపొస్తుందనుకున్నాం. తేలింది, రాలేదు. ఎప్పుడో తీరిగ్గా వస్తుందిలే అని ఎవరి పనుల్లో వాళ్ళం పడ్డాం. ఆ ఎదురుచూపులోనే నాయన పోయాడు, మామ పోయాడు, అన్నా పోయాడు. దుఃఖం కంటే ముందే కాలం వచ్చి మా ఇంట్లో మనుషులను ఒక్కొక్కరినే తీసుకుపోయింది.