కింద ఎడమ మూల

మా మేస్త్రి పోయారు. ఆదివారం పొద్దున నేను ఇడ్లీ రేకుల్లో పిండి వేస్తుంటే ఆయన భార్య ఫోన్ చేసింది. "ఆయన పోయినాడమ్మా. కాపీ తాగి కాసేపు పడుకుంటానన్నాడు. లేపితే లేయలేదు" అంది. నేను "సరే అక్కా, వస్తా ఉండా" అన్నాను. చావు కబురుకు సరే అనడమేమిటని తరువాత సిగ్గుపడ్డాను.

ఆయన గొప్పవాడని చెప్పడానికి ఇది రాయడం లేదు. హోసూరు బస్టాండు వెనక సందులో టీవీలు బాగుచేసుకుని బతికిన మనిషి. నాకు పని నేర్పారు. నేను ఆయనకు ఒక అబద్ధం చెప్పాను. ఆ సంగతి కూడా చెప్పాలి.

కంపెనీలో బోర్డులకు సోల్డరింగ్ చేసే పని పోయినప్పుడు ఆయన దుకాణానికి వెళ్ళి పని అడిగాను. ఆడదానికి టీవీ పనా అని పక్క కొట్టువాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు.

"ఇంటి ముందర చుక్కల ముగ్గు వేస్తావా?" అని అడిగారు.

"వేస్తాను."

"గీత వంకర పోతే ఏం చేస్తావు?"

"తుడిచి మళ్ళీ వేస్తాను."

"అయితే రేపట్నించి రామ్మా."

ఎందుకలా అడిగారో పెద్ద టీవీ విప్పిన రోజున తెలిసింది. వెనక నుంచి తెర మీదికి బొమ్మ వేసే ఆ టీవీలు బీరువా అంత ఉండేవి. ఇప్పటివాళ్ళు చూసి ఉండరు. లోపల మూడు ట్యూబులు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఆ మూడూ వేసే బొమ్మలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవాలి. లేకపోతే మనిషికి మూడు ముక్కులు, అక్షరానికి మూడు నీడలు. తెర మీద గళ్ళు తెప్పించి, ముందు ఆకుపచ్చ గీతలను తిన్నగా చేయాలి. తరువాత ఎరుపును వాటి మీదికి జరపాలి, ఆ తరువాత నీలాన్ని. మూడూ కలిసిన చోట గీత తెల్లబడుతుంది. నడిమి భాగం తేలిగ్గానే వస్తుంది. మూలలే ఏడిపిస్తాయి.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ తెల్లదారం ఉండ ఉండేది. తెరకు అటు ఒకరం, ఇటు ఒకరం నిలబడి దారం బిగబట్టి, గీత దాని వెంట పోతుందో లేదో చూసేవాళ్ళం. "కన్ను మొగమాటపడతాది, దారం పడదు" అనేవారు. పెట్టె అరగంట వేడెక్కనిదే రిమోట్ ముట్టుకోనిచ్చేవారు కాదు. ఒక్కో మూల అయినప్పుడల్లా సేవ్ కొట్టమనేవారు. "ఈడి కరెంటుకు మన కష్టం తెలీదమ్మా." అంతా అయ్యాక ఆ ఇంట్లో టీవీ చూసేవాళ్ళ కుర్చీలో వెళ్ళి కూర్చునేవారు. మనం నిలబడి చూసే బొమ్మ వేరు, వాళ్ళు కూర్చుని చూసే బొమ్మ వేరు అని ఆయన లెక్క.

వేప్పనపల్లి దగ్గర ఒక మామిడితోట పెద్దాయన ఇంట్లో అలాంటి టీవీ ఇంకా ఉంది. ఆయనకు చెవులు పూర్తిగా పోయాయి. తెలుగు బడిలో చదివిన మనిషి, వార్తల్లో కింద పరుగెత్తే అక్షరాలే ఆయనకు లోకం. కొత్త టీవీ కొనమని కోడలు పలక మీద రాస్తే, "ఇది నడస్తా ఉంటే ఇంకొకటి యాల?" అంటాడు. అంత పెద్ద అక్షరాలు ఆయన ఇంకెక్కడా చూడలేదట.

పోయిన నెల మేమిద్దరం అక్కడికి వెళ్ళాం. మేస్త్రికి ఆయాసం, అరుగు మీదే కూలబడ్డారు. పని నేనొక్కదాన్నే చేశాను. కింద ఎడమ మూల ఎంతకీ రాలేదు. నీలం పక్కకు జారిపోతూనే ఉంది. ఆఖరి బస్సు తప్పిపోతుందని భయం, ఆయన దగ్గు వింటుంటే ఇంకా భయం. అంత మూలకు ఎవరు చూడొచ్చారులే అనుకుని సేవ్ కొట్టేశాను. ఆ అక్షరాలు పరుగెత్తి పరుగెత్తి వెళ్ళి మాయమయ్యేది ఆ మూలలోనే అని నాకు తెలుసు.

కృష్ణగిరిలో బస్సు మారి కూర్చున్నాక ఆయన అడిగారు, "కింద ఎడమ మూల?"

"సరిగ్గా ఉండాది మేస్త్రీ."

"సరే" అన్నారు. కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను.

కర్మ అయిన మర్నాడు ఆయన భార్యను అడిగి దారం ఉండ తెచ్చుకున్నాను. ఎవరూ రమ్మనకపోయినా వేప్పనపల్లి బస్సెక్కాను. పెద్దాయన నా వెనక వాకిలి వైపు చూశాడు. "మేస్త్రి యాడమ్మా? ఒకదానివే వచ్చినావే" అన్నాడు గట్టిగా. కోడలికీ తెలియదు. పలక తీసుకుని రాశాను.

వార్తలు చదివే గొంతుతోనే ఆయన పైకి చదివాడు. "మేస్త్రి పోయినారు. కింద ఎడమ మూల ఆ దినం నేనే సరిగా చేయలేదు."

పలక కింద పెట్టకుండానే అన్నాడు, "అది మేస్త్రికి తెలుసు కదమ్మా. నువ్వు పెరట్లోకి చేతులు కడుక్కోను పోయినప్పుడు నా కుర్చీలో వచ్చి కూసోని చూసినాడు. మళ్ళా వస్తామని చేత్తో చూపించి పోయినాడు."

అంటే బస్సులో అడిగేటప్పటికే మేస్త్రికి తెలుసు. తప్పు ఒప్పుకోవడానికి నాకు సందు ఇచ్చారు, నేను దాన్ని వాడుకోలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను. కానీ పెట్టె వేడెక్కడానికి ఎలాగూ అరగంట పట్టింది.

ఈసారి నీలం ఎంత మొరాయించినా నేను లేవలేదు. రెండుసార్లు మొదటి నుంచీ వచ్చాను. దారం పట్టాల్సి వచ్చినప్పుడు రెండో కొసకు మనిషి లేడు. నేను చుట్టూ చూస్తుంటే పెద్దాయన లేచి వచ్చి, తెరకు అటువైపు నిలబడి, కొసను వేలికి చుట్టుకుని బిగబట్టాడు. మూలలో గీత తెల్లబడింది. సేవ్ కొట్టాను.

వార్తలు పెట్టాను. ఆయన వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. కింద అక్షరాలు కుడి నుంచి బయలుదేరాయి. "రేపు అక్కడక్కడా జల్లులు పడే అవకాశం" అని గట్టిగా చదివాడు, ఎడమ మూలలో ఆఖరి అక్షరం వెళ్ళిపోయేదాకా. దారం కొస ఇంకా ఆయన వేలికే ఉంది.