గరుకు బండల గది

పోయిన కార్తీకంలో అనంతగిరి కింద ఒక్క గది కోసం మా ఆయన మమ్మల్ని వికారాబాద్ అంతా తిప్పాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక మా అత్తమ్మ మొక్కుకుంది. తెల్లవారుజామున ఎవరి చెయ్యీ పట్టుకోకుండా, తన కాళ్ళతో నడిచి కొండమీద గుడికి వస్తానని. తాండూరు నుంచి ఆ చలిలో బయల్దేరితే కాలు బిగుసుకుపోతుందని ముందురోజే వచ్చాం.

శనివారం కావడంతో మంచు చూడ్డానికి హైదరాబాద్ మొత్తం అక్కడే దిగింది. దొరికిన గదైనా తీసుకుంటాడా మహానుభావుడు! మాది బండల పాలిష్ పని. ఆ పనివాళ్ళు పెళ్ళికి వెళ్ళినా పెళ్ళికూతుర్ని చూడరు, నేల చూస్తారు. ఈయన ప్రతిచోటా చెప్పులు విప్పి, గొంతుక్కూర్చుని, నేలను అరచేత్తో రాసి "వద్దు" అనేవాడు. మంచం చూడడు, గీజర్ చూడడు.

నాలుగో గెస్ట్‌హౌస్‌లో నేల అద్దంలా మెరుస్తోంది.

"తాండూర్ బండ సార్, మస్తు పాలిష్" అన్నాడు మేనేజర్ గర్వంగా.

"గిది అసలే వద్దు."

నాకు ఒళ్ళు మండింది. "ఏందయ్యా, గది కిరాయికి తీస్కుంటున్నవా, కొంటున్నవా? అత్తమ్మ ఆటోల వణుకుతుంది!"

ఈయన అప్పటికే చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

చివరికి కొండదారిలో ఓ పాతిల్లు దొరికింది. తలుపు సరిగ్గా పడదు, వేణ్ణీళ్ళు బకెట్‌లో మోసుకోవాలి, నేలంతా పాలిష్ ఎరగని గరుకు బండలు. ఈయన ముఖం వెలిగిపోయింది.

"పాలిష్ పట్టి బతికేటోనికి గిదా నచ్చింది!" అని పకపకా నవ్వాను.

అత్తమ్మ నవ్వలేదు. గోడ పట్టుకోకుండా మంచం దాకా నడిచి కూర్చుంది.

"ఇగ ఫికర్ జెయ్యకు కొడుకా. ఆ దినం నీ బండది తప్పు గాదు. నేనే తడికాళ్ళతోని ఉరికిన."

ఆమె జారిపడి మోకాలు విరగ్గొట్టుకున్నది మా ఇంటి హాల్లోనే. ముఖం కనబడాలని ఆ నేలకు మూడుసార్లు పాలిష్ పట్టింది ఈయనే. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, ఈ మనిషి ఏడాదిగా లోలోపల ఎంత కుమిలిపోతున్నాడో ఒక్కనాడూ అడగలేదు.

తెల్లవారుజామున అత్తమ్మ నడిచింది. ఈయన చేతులు చాచి పక్కనే నడవబోతే కసురుకుంది. "దూరం జరుగు, మొక్కు చెడుతది!"

జరిగాడు. ఆమెకంటే ముందే మెట్లెక్కి, మెడలోని మఫ్లర్ తీసి, వంగి ఒక్కో మెట్టు మీది మంచుతడి తుడవడం మొదలుపెట్టాడు. అత్తమ్మ కిందే ఆగి చూస్తోంది. నేను కొంగుతో ఆ పై మెట్టు తుడిచాను.