ఒక జామతోట, ఇద్దరు కావలివాళ్లు

పొద్దున్నుంచి మా ఇంట్లో కంప్యూటర్ కదలడం లేదు. మా ఆయన ఒక యాంటీవైరస్ వేశారు. ఆయనకు చెప్పకుండా నేనింకోటి వేశాను. ఇప్పుడు అదేమో దీన్ని వైరస్ అంటుంది, ఇదేమో దాన్ని వైరస్ అంటుంది. పాత ఫోటో ఒక్కటి తెరవడానికి గంట పట్టింది.

విసుగొచ్చి కిటికీలోంచి చూస్తే, ఎదురుగా టవర్లున్న చోట మా తాత జామతోట గుర్తొచ్చింది. డెబ్బైల్లో, మాదాపూర్ ఇంకా పల్లెగా ఉన్నప్పుడు, అప్పటి పిల్లలం మనమంతా ఆ ముళ్లకంచె కిందినుంచి దూరినవాళ్లమే, గుర్తుందా? గౌనుకు పట్టిన జామపండు వాసన ఉతికినా పోయేది కాదు.

పండ్లు పోతున్నాయని తాత మల్లయ్యను కావలి పెట్టాడు. తాత పనిమీద నమ్మకం లేని నాయనమ్మ, ఆయనకు చెప్పకుండా తన పుట్టిల్లు పుప్పాలగూడ నుంచి ఎల్లయ్యను పిలిపించింది. మొదటి మధ్యాహ్నమే ఇద్దరూ ఒకరినొకరు దొంగనుకుని పట్టుకున్నారు.

"పండ్లు తెంపనీకొచ్చినవా? నడువు పెద్దాయన కాడికి" అన్నాడు మల్లయ్య.

"నడువు, నేను గూడ నిన్ను ఆడికే తీస్కపోతున్న" అన్నాడు ఎల్లయ్య.

ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా ఇంటికి నడిచారు. తోటలో మనం మిగిలాం.

నిజం తెలిశాక కూడా వాళ్లు ఒకరినొకరు కాపలా కాశారు తప్ప చెట్ల వంక చూడలేదు. ఒకరిని మాన్పించమని అమ్మ మొత్తుకుంటే నాయనమ్మ ఒకటే మాట: "నేను పెట్టినోన్ని నేనెందుకు తీస్త? మీ మామనే తీసెయ్యమను."

ఇందాక కంప్యూటర్ బాగుచేసే ఆమె ఫోన్‌లో, రెండింట్లో ఒకటి తీసేయమంది. నేను వేసింది నేనెందుకు తీస్తాను? ఆయన్నే తీసెయ్యమనండి.