నాలుకతో చూసే కర్ర

రంపం చప్పుడు ఆగితే డెల్ఫీనాకు గుండె జారిపోయేది. అది నడుస్తున్నంతసేపూ పరవాలేదు. లోపలి గదిలో లిబ్రాదో నిలబడే ఉన్నాడని, ఊపిరి పీలుస్తున్నాడని దానర్థం. ఆగిందంటే మాత్రం లక్కలో ముంచిన గుడ్డ ఉండను చేతిలో అలాగే పట్టుకుని, మెడ చాచి వినేది. ఒక దగ్గో, ఉలి కింద పెట్టిన చప్పుడో, కనీసం ఒక తిట్టో వినపడాలి. వినపడ్డాకే మళ్ళీ గిటారు మీదికి వంగేది.

పెళ్ళయిన ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ భయం లేదు. ఆ ఏడాది ఈస్టరు ముందు మొదలైంది.

మెక్సికో కొండల్లోని పారాచో ఊళ్ళో సగం ఇళ్ళు గిటార్ల ఇళ్ళే. లిబ్రాదో కోసి, వంచి, అతికించేవాడు. డెల్ఫీనా లక్క పట్టించేది. సారాయిలో కరిగిన లక్కను చిన్న చిన్న చుట్లుగా, వందసార్లు, రెండువందలసార్లు, కర్ర అద్దంలా మెరిసేదాకా రుద్దేది. ఆ ఊళ్ళో కొత్తవాణ్ణి ఏ చర్చికి వెళ్తావని ఎవరూ అడగరు. గిటారు వీపుకి ఏ కర్ర వాడతావని అడుగుతారు. జవాబును బట్టి కుర్చీ వేస్తారు, లేదా నిలబెట్టే మాట్లాడి పంపేస్తారు.

లిబ్రాదోది గ్రనదీయో. ఎర్రగా, ఇనుములా బరువుగా ఉండే కర్ర. వాళ్ళ నాన్నదీ అదే. రెండు ఇళ్ళవతల ఉండే నికానోర్‌ది పాలో ఎస్క్రీతో. ఎవరో సిరాతో గీసినట్టు ఒళ్ళంతా నల్లగీతలుండే కర్ర. నికానోర్ వీళ్ళ కూతురు రొసేండాకు బాప్తిస్మంనాటి జ్ఞానతండ్రి. అందుకని అతనూ లిబ్రాదో ఒకళ్ళనొకళ్ళు "కొంపాద్రే" అని పిలుచుకునేవాళ్ళు, డెల్ఫీనా అతనికి "కొమాద్రే". పిలుపులో ఉన్న మర్యాద ఆ తర్వాతి మాటలో ఉండేది కాదు.

"కొంపాద్రే, నీ గ్రనదీయో గిటారు మోయడానికి గాడిద కావాలయ్యా. వాయించేవాడు ముందు బస్తాలు మోయడం నేర్చుకోవాలి."

"మోస్తాడు. వేలు తగలగానే గంట మోగుతుంది కదా, అందుకు మోస్తాడు. నీ గీతల కర్ర మోగదు, గొణుగుతుంది. మీ అత్తగారిలా."

"మా అత్త గొణిగినా అర్థమవుతుంది. నీ గంట మోగితే పక్క తీగ ఏమంటోందో వినపడదు."

ముప్పై ఏళ్ళు ఇదే వరస. డెల్ఫీనాకూ ఒక అభిప్రాయం ఉండేది. గ్రనదీయో నూనె కర్ర, లక్కను తోసేస్తుంది. అక్రోటు కర్ర తాగుబోతులా ఎంత పోసినా పీల్చేస్తుంది గానీ, కడుపు నిండాక మాత్రం దానంత బుద్ధిగా మెరిసే కర్ర లేదు. ఈ మాట ఆమెను ఎవరూ అడగలేదు. ఆమే చెప్పలేదు.

ఫిబ్రవరిలో మొదట మణికట్ల మీద దద్దుర్లు వచ్చాయి. తర్వాత కనురెప్పలు ఉబ్బాయి. చలి అన్నాడు లిబ్రాదో. ఈస్టరు ముందు వారం గ్రనదీయో పక్కబద్దలు గీకుతూ గీకుతూ గోడ పట్టుకుని కూలబడ్డాడు. గొంతులోంచి పిల్లికూత వచ్చింది. దగ్గరి పట్నం ఉరువాపన్‌లో వైద్యురాలు అతని గొంతులోకి దీపం వేసి చూసి, సూటిగా చెప్పింది.

"ఆ కర్ర పొడి మీ ఒంటికి విషమైపోయింది. ఇన్నేళ్ళు పీల్చారు కదా, ఇప్పుడు ఒళ్ళు ఎదురుతిరిగింది. గ్రనదీయో, పాలో ఎస్క్రీతో, ఆ జాతివి ఏవీ ముట్టుకోకండి. ఈసారి గొంతు పూర్తిగా మూసుకుపోవచ్చు."

డెల్ఫీనా చేతికి చిన్న మందు సీసా, సూది ఇచ్చి, తొడలో ఎలా పొడవాలో నారింజపండు మీద నేర్పింది. సీసా పగలకుండా డెల్ఫీనా దాన్ని తన రుమాల్లో చుట్టుకుంది.

తిరిగి వస్తుంటే బస్సులో లిబ్రాదో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎప్పుడో తప్ప అలా పట్టుకునేవాడు కాదు.

"ఎవరికీ చెప్పకు. ఒట్టెయ్యి. రొసేండాకి కూడా."

"రోగం దాచుకుంటే ఎలాగయ్యా?"

"రోగమైతే దాచను. నా కర్రే నన్ను తరిమేసిందని తెలిస్తే నేనీ ఊళ్ళో ఎవర్ని? నీకు తెలీదు."

ఆమెకు తెలుసు. ఒట్టేసింది.

ఆ రోజు నుంచి సీసా, సూది పనిలో ఆమె కట్టుకునే ముందుగుడ్డ జేబులోనే ఉండేవి. కొట్లో ఉన్న గ్రనదీయో పలకలన్నీ తడిగుడ్డలో చుట్టి పెరటి కొట్టానికి చేర్చి, తాళం వేసింది. నేలను పొడిచీపురుతో ఊడవడం మానేసి, మోకాళ్ళ మీద కూర్చుని తడిబట్టతో తుడిచేది. బల్ల పగుళ్ళలో, ఉలి పిడి సందుల్లో, అతని పాత టోపీ అంచులో ఎర్రటి పొడి ఇంకా కనిపిస్తూనే ఉండేది. ముప్పై ఏళ్ళ పొడి. మధ్యాహ్నం ఆకులో ఉడికించిన మొక్కజొన్న ముద్ద, కొరుందా పొట్లం విప్పి అతనికి పెడుతున్నప్పుడు కూడా మొక్కజొన్న ఆకు మీద ఎరుపేదైనా ఉందేమోనని వెతికేది.

లిబ్రాదో అక్రోటుకు మారాడు. అభిప్రాయం మారిందన్నాడు. ఊరు ఊరుకోలేదు.

"ఏం కొంపాద్రే," నికానోర్ గుమ్మానికి ఆనుకుని నవ్వాడు, "అక్రోటంటే టమాటా పెట్టెల కర్ర అన్నది నువ్వేగా? మీ నాన్న సమాధిలో అటు తిరిగి పడుకుని ఉంటాడు."

"వయసొచ్చింది. మెత్తటి గొంతు ఇష్టమవుతోంది."

"మెత్తటి గొంతు కావాలంటే నా దగ్గరికి రావాలి గానీ, ఆ కాయల చెట్టు దగ్గరికా? లేకపోతే నీకు చెవి పోయిందా? కొమాద్రే, మీరు చెప్పండి, ఈయనకు చెవుడు వచ్చిందా?"

డెల్ఫీనా గిటారు మీంచి తల ఎత్తలేదు. "మీ మాటలు విని విని వచ్చే ఉంటుంది" అంది. నికానోర్ పగలబడి నవ్వి వెళ్ళిపోయాడు. ఆమె చేతిలో ఉండ లక్కకు అంటుకుపోయి, అప్పటిదాకా రుద్దిందంతా మచ్చపడింది.

ఆగస్టులో లిబ్రాదో పేరున్న పునీతుడి పండుగ వచ్చింది. మధ్యాహ్నం వాకిట్లో బల్ల వేసి, ఎర్రమిరపకాయల మాంసం కూర చురీపో, కొరుందాలు పెట్టింది డెల్ఫీనా. ఇరుగు పొరుగు వాళ్ళు నలుగురు వచ్చారు. వారంగా పడుతున్న వానకి లిబ్రాదోకు జలుబు చేసి ముక్కు దిబ్బడేసి ఉంది. తిన్నాక నికానోర్ లేచి వెళ్ళి, గోనెపట్టాలో చుట్టిన పలకొకటి పట్టుకొచ్చాడు. పైన బూడిదరంగు, చెదపురుగులు వదిలేసిన గీతలు. ఏదో పాత తలుపు ముక్కలా ఉంది, గిటారు కర్రలా లేదు.

"పందెం. చెవి పోయిందో లేదో తేలిపోవాలి. ఇదేం కర్రో చెప్పు."

ఆ ఊళ్ళో ఆ ఆటకు ఒక పద్ధతి ఉంది. చెప్పేవాడు కళ్ళు మూసుకోవాలి. రెండోవాడు చిత్రిక ఒక్కసారి పట్టి పైతోలు లేపుతాడు. లేచిన పొర ముక్కు దగ్గర పెడతాడు. వాసనతో తేలకపోతే, తాజాగా బయటపడ్డ చోట నాలుక ఆనించాలి. గిటార్లు చేసేవాళ్ళందరికీ అది చిన్నప్పటి అలవాటే. లక్క పడితే కర్ర ఏ రంగు తేలుతుందో చూడ్డానికి రోజుకు పదిసార్లు పలకను నాకుతారు.

"ఇప్పుడెందుకులే" అన్నాడు లిబ్రాదో.

"చూశారా! చెప్పలేడు. అక్రోటు తిని తిని నాలుక మొద్దుబారింది."

అందరూ నవ్వారు. లిబ్రాదో చెవులు ఎర్రబడ్డాయి. నాలుగైదు నెలలుగా ఆ నవ్వును మింగుతూనే ఉన్నాడు. కుర్చీ ముందుకు లాక్కుని కళ్ళు మూసుకున్నాడు.

నికానోర్ చిత్రిక తోశాడు. సర్రున పొర చుట్టుకుంటూ లేచింది. బూడిదరంగు కింద కర్ర తేలింది. ఎర్రగా.

డెల్ఫీనా చూసింది. చేతిలో కూర గిన్నె ఉంది. కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళందరూ చూశారు గానీ, ఆ ఎరుపు లిబ్రాదోను ఏం చేయగలదో ఆమెకొక్కదానికే తెలుసు. లిబ్రాదో వాసన చూశాడు, దిబ్బడేసిన ముక్కుతో. ఏమీ తెలియలేదన్నట్టు తల ఊపాడు. నికానోర్ పలకను అతని నోటి దగ్గరికి జరిపాడు. ఆమె నోట్లోకి మాట వచ్చింది. బస్సులో వేసిన ఒట్టు కూడా వచ్చింది. ఇంతమంది ముందు అరిస్తే ఇన్నాళ్ళు దాచింది బయటపడుతుంది. ఒకవేళ అది వేరే ఎర్ర కర్రయితే? ఒక గుటక మింగినంతసేపు ఆగింది. అంతే.

"వద్దు!"

అప్పటికే అతని నాలుక కర్రను తాకింది.

లిబ్రాదో కళ్ళు తెరిచాడు. "గ్రన..." అని నవ్వబోయాడు. సగంలోనే ఆ మాట పిల్లికూతగా మారింది. చెయ్యి గొంతు మీదికి పోయింది. పెదవులు ఉబ్బుతున్నాయి, తేనెటీగలు కుట్టినట్టు. కూర గిన్నె ఎక్కడ పడిందో డెల్ఫీనాకు తెలియలేదు. జేబులోంచి సీసా తీసింది. సూది సీసా మూతి పక్కకి రెండుసార్లు జారింది. మూడోసారి దిగింది. లాగు మీంచే తొడలో పొడిచింది. నారింజపండంత మెత్తగా లేదు.

"ఊపిరి తియ్యి. నన్ను చూడు. తియ్యి."

"ఏమైంది? కొమాద్రే, ఏం చేశాను నేను?" నికానోర్ పలక పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"దాన్ని అవతల పారేసి బండి తీయండి!"

నికానోర్ ట్రక్కులో ఉరువాపన్‌కు వెళ్తున్నంతసేపూ ఆమె మొగుడి ముక్కు దగ్గర చెంప ఆనించి కూర్చుంది. గాలి తగులుతోందా లేదా అన్నదే లోకం. మలుపుల దగ్గర తగిలేది కాదు. అప్పుడు ఆమె కూడా ఊపిరి ఆపేసేది. మళ్ళీ తగిలేది, సన్నగా, దారమంత.

నికానోర్ బండి నడుపుతూ ఏడుస్తున్నాడు. "మా నాన్న బల్ల పలక అది, కొమాద్రే. అరవై ఏళ్ళు ఎండింది. మంచి గ్రనదీయో దొరక్కే ఈయన కర్ర మార్చాడనుకున్నాను. పండక్కి ఇద్దామని ఆ బల్ల ఊడదీశాను. ఇద్దామనే."

ఆమె జవాబు చెప్పాలంటే చెంప తీయాలి.

మూడోరోజున లిబ్రాదో ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చున్నాడు. డెల్ఫీనా అతనికి అన్నం గంజి తాగిస్తూ, గిన్నెకేసి చూస్తూ చెప్పింది.

"నేను ముందే చూశాను. ఎర్రగా కనపడింది. అరవడానికి ఆలస్యం చేశాను."

"ఎందుకని?"

"నువ్వు ఒట్టేయించుకున్నావుగా."

అతను గిన్నె తన చేతిలోకి తీసుకున్నాడు. "ఇకమీద నేనలాంటి ఒట్టడిగితే ఈ గంజి నా నెత్తిన పొయ్యి" అన్నాడు, బొంగురు గొంతుతో.

ఊరందరికీ తెలిసింది. నవ్వుతారని అతను భయపడ్డాడు. ఎవరూ నవ్వలేదు. అక్రోటు గిటార్లు అడిగేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. నికానోర్ వచ్చినప్పుడు వీధి చివరే టోపీ దులుపుకుని, గుమ్మం బయట చొక్కా విప్పి ఉతికిన చొక్కా తొడుక్కుని, అప్పుడు లోపలికి వచ్చేవాడు. వచ్చి పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా కుర్చీ అంచున కూర్చునేవాడు. "అక్రోటు కూడా మంచిదే కొంపాద్రే" అనేవాడు.

"వీడు నన్ను తిట్టడం మానేశాడు," అన్నాడు లిబ్రాదో అతను వెళ్ళాక. "నేను చచ్చిపోతున్నానేమోనని అనుమానంగా ఉంది."

సెప్టెంబరులో కొత్త పలకలు వచ్చాయి. అక్రోటేనని చెప్పి అమ్మారు. కానీ రంపపుమిల్లులో ఏ కర్ర పక్కన ఏ కర్ర కోశారో, ఏ పొడి దేని మీద పడిందో ఎవరికి తెలుసు? లిబ్రాదో పలక ముందు నిలబడ్డాడు. నాలుక అలవాటుగా పెదవి దాకా వచ్చి ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇలా ఇవ్వు" అంది డెల్ఫీనా.

"నువ్వా? నీకేం తెలుసు?"

"ముప్పై ఏళ్ళుగా నీ గిటార్లన్నిటికీ లక్క పట్టించింది ఎవరు? పలకిలా ఇచ్చి దూరంగా జరుగు. తలుపు దాకా."

తడిగుడ్డతో పలక తుడిచి, మూలన చిత్రిక పట్టి, వెలుగులోకి తిప్పింది. కళ్ళు మూసుకోలేదు. నాలుక ఆనించింది. తడిసినచోట గోధుమరంగు లోతుగా, పొగచూరిన తేనెలా తేలింది.

"వగరు. అక్రోటే. ఇది మామూలు కంటే ఎక్కువ తాగుతుంది, నా చేతులు పడిపోతాయి. కానీ రొమ్ము పలకకి మీ నాన్న దాచిన పినబేతె, ఆ తెల్ల దేవదారు పలక వేశావంటే గొంతు బాగుంటుంది."

లిబ్రాదో మాట వినడం లేదు. తలుపు దగ్గర నిలబడి ఆమె పెదవులకేసి, మెడకేసి చూస్తున్నాడు. ముప్పై ఏళ్ళు ఆమె కూడా ఈ పొడిలోనే తుడిచింది, ఉతికింది, వండింది. అతని కుడిచెయ్యి తన ముందుగుడ్డ జేబులో ఉంది. మందు సీసా ఇప్పుడు అక్కడే ఉంటోంది.

"ఏంటలా చూస్తావు?"

"మాట్లాడు," అన్నాడు. "ఇంకాసేపు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."