అమ్మ పేడ పూసిన దుంగలు

గద్వాల బజారులో సీడీల దుకాణం పక్కన నిన్న కుంకుమ భరిణె కొన్నాను. పచ్చి కర్రతో చేశారేమో, ఇంటికొచ్చేసరికి మూత బిగుసుకుపోయింది. అమ్మినవాడి నోరు మాత్రం ధారాళంగా తెరుచుకుంది.

మన ఈడువాళ్లకు చెక్క భరిణెలు గుర్తుండే ఉంటాయి. మా నాన్న వాటిని చేసేవాడు. ఆరేటప్పుడు పగలకుండా దుంగల కొసలకు అమ్మ పేడ పూసేది. ఆమె పోయాక చివరి దుంగల మీద ఆమె వేళ్ల గుర్తులు మిగిలాయి. వాటిని నాన్న కోయలేదు.

అక్క పెళ్లికి మేనత్త నాన్నను నిలదీసింది. "రాయి లెక్క ఎండినయ్ గదరా. బిడ్డకొక భరిణె చెయ్యవా?"

"ఇంకా పచ్చిగనే ఉన్నయక్కా."

అక్క కుంకుమకు రేకు డబ్బాతోనే అత్తగారింటికి బయలుదేరింది. వెళ్లేముందు ఆ గుర్తుల్లో వేళ్లు పెట్టి చూసుకుంది. సరిగ్గా సరిపోయాయి. నేనూ చెయ్యి చాపితే నాన్న ఆపాడు.

"ముట్టకు బిడ్డా. మీ అమ్మ ఇప్పుడే పూసింది."