కొసరు వద్దన్న రోజు

లాన్యాప్. ఈ ఇంగ్లీషు మాట పలికితేనే నాకు నవ్వొస్తుంది. కొన్న సరుకు మీద దుకాణదారు తనంతట తాను చేతిలో పెట్టే చిన్న అదనం అని దానికి అర్థం. రచయితలు దాన్ని కొట్టు దాటించి ఎక్కడెక్కడికో తీసుకెళ్ళారు. సెలవులు అయిపోయాయనుకున్నాక దొరికిన ఇంకో పూట, పెద్దవయసులో కలిసిన స్నేహం, అన్నీ లాన్యాపులే.

నా మొట్టమొదటి అనువాదం ఆ మాట దగ్గరే చతికిలపడింది. కథలో ఒకావిడ ఏళ్ళ తరబడి ఒకే కొట్టులో రొట్టె కొంటుంది. చివర్లో ఓ రోజు, కొట్టతను ఇచ్చిన లాన్యాప్‌ని బల్ల మీదే వదిలేసి వెళ్ళిపోతుంది. నేను దాన్ని 'ఉచిత బహుమతి' చేసి, పాపం ఆవిడ మర్చిపోయిందని కథ ముగించాను. ఇందులో ప్రాణం లేదు, ఆదివారంలోగా బాగుచేయకపోతే సంకలనంలో వేసుకోలేనని సంపాదకులు ఫోన్ చేసి చెప్పారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ దిగులుతోనే అమ్మ వెంట నూజివీడులో మామిడిపళ్ళ కొట్టుకి వెళ్ళాను. అమ్మ బేరం మొదలెడితే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. చిన్న రసాలు లెక్కపెట్టి బుట్టలో వేశాక షావుకారుగారు ఇంకో రెండు పళ్ళు తీశారు. అంత గీసిగీసి బేరమాడి ఇవి కూడానా అని సిగ్గేసి, వద్దులెండి, ఉంచండి అనేశాను.

ఆయన మొహం చిన్నబోయింది.

"కొసరు వద్దంటే ఇంక మా కొట్టుకి రానన్నట్టేగదండీ. నావల్ల ఏమన్నా తప్పు జరిగిందాండీ?"

దానికి తెలీదులెండి, బాగా చదువుకుంది అని అమ్మ ఆ రెండు పళ్ళూ కొంగులో వేయించుకుంది.

కొసరు. ఊహ తెలిసినప్పటినుంచీ వింటున్న మాట. అన్నం కొసరి కొసరి వడ్డించే ఇంట్లో పెరిగి, నిఘంటువుల్లో వెతుక్కున్నాను. సంతోషం పట్టలేక అక్కడే గంతేయబోయి బుట్టకి తగులుకున్నాను. ఆటోలో కూడా ఒకటే నవ్వు. అమ్మ నా నుదురు తడిమి చూసింది.

ఇంటికి చేరేదాకా ఆగలేక ఆటోలోంచే సంపాదకులకి ఫోన్ చేశాను. కొసరు అనగానే ఆయనా పకపకా నవ్వేశారు. బాగుంది, మరి ఆవిడ కొసరు మర్చిపోయి వెళ్ళిందనే ఉంచుదామా అని అడిగారు.

అప్పుడు నా నవ్వు ఆగింది.

"మర్చిపోలేదండీ" అన్నాను. "ఇంక రానని చెప్పింది."