వీర్రాజు, పది కొయ్య బిరడాలు

మా వీర్రాజు సాధించిన మొదటి ఘనకార్యం పంపు గుల్ల ప్యాటర్న్. పటాన్‌చెరు ఫౌండ్రీలో చేరిన ఏడాది, అంటే 1971లో, మూడుసార్లు చేస్తే మూడుసార్లూ పనికిరాదన్నారు. నాలుగోసారి ఒప్పించాడు. కరిగిన ఇనుము పోయడానికి ముందు ఇసుకలో అచ్చు దించే కొయ్య నమూనాను ప్యాటర్న్ అంటారు. కొయ్యలో వెంట్రుకవాసి తేడా ఉంటే ఇనుములోనూ ఉంటుంది. మావాడి కొయ్యతో నాలుగు వందల గుల్లలు పోశారు. ఒక్కటీ తిరిగి రాలేదు.

నేను చదివింది పిఠాపురం దగ్గర మా ఊరి వీధిబడిలో ఐదో తరగతి. ఇరవయ్యో ఎక్కం దాకా ఇప్పటికీ తడుముకోకుండా చెబుతాను. వార్డు మెంబరుగా రెండుసార్లు నెగ్గి మా వీధికి కంకర రోడ్డు వేయించాను. నా కొడుకు సంగతి రాయడానికి ఆ చదువు సరిపోతుంది.

మరుసటి ఏడాది కార్మికుల పోటీలో వాడికి మొదటి బహుమతి వచ్చింది. ఆ ఏడాదే మా కోడలు పద్మావతి జ్వరంతో పోయింది. కూతురు అన్నపూర్ణకు అప్పటికి మూడేళ్ళు నిండలేదు. నేను ఊరు వదిలి ఇస్నాపూర్‌లో వాళ్ళుండే కిరాయి గదికి వచ్చేశాను. తల్లి పోయాక ఆ పిల్ల చెయ్యెత్తి ఏ పనీ చేసుకునేది కాదు. ముద్ద నోట్లో పెడితే తినేది, గౌను తొడిగితే తొడిగించుకునేది. పెట్టకపోతే ఆకలని కూడా అడిగేది కాదు.

నాలుగో ఏడు రాగానే బడి మాట వచ్చింది. పటాన్‌చెరులో పలకా బలపం పెట్టి, పాటలు బట్టీ పట్టించే కాన్వెంటు ఒకటుంది. అందులో వెయ్యమన్నాను. వీర్రాజు ఇంకో బడి చూసి వచ్చాడు. సంగారెడ్డి ధాన్యం వ్యాపారి కైలాసం గారి కూతురు శకుంతల హైదరాబాదులో శిక్షణ పొంది, ఇస్నాపూర్‌లోని వాళ్ళ గిడ్డంగి ముందు గదిలో పెట్టిన చిన్నపిల్లల బడి అది.

"పలకా బలపం లేని బడేంట్రా? ఏం నేర్పుతారు?" అన్నాను.

"నేర్పరు నాన్నా. నేర్చుకోనిస్తారు. పిల్లకి నచ్చిన వస్తువు పిల్లే తీసుకుంటుంది. తన పని తనే చేసుకుంటుంది."

మా గది యజమాని ఐలన్న అదే ఫౌండ్రీలో ఇసుక అచ్చులు దించే మౌల్డరు. గడపలో కూర్చుని బీడీ ముట్టిస్తూ నవ్వాడు. "బెత్తం లేని బడంట గద తాతా. మా పోరలను పంపితే నాలుగొద్దులల్ల బడినే అమ్ముకొస్తరు."

వీర్రాజు నవ్వలేదు. "దీని చెయ్యి లేవాలి అన్నా. ఎక్కాలు తర్వాత."

సరే కానిమ్మన్నాను. 1973 నవంబరులో అన్నపూర్ణ ఆ బడిలో చేరింది. చిన్న గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్ళు ఒంపడం, కందులూ పెసలూ వేరుచేయడం, గుండీలు పెట్టడం, ఇవీ అక్కడి పాఠాలు. నెల తిరిగేసరికి ఒక సాయంత్రం నేను ముద్ద కలిపేలోపు పిల్ల తనే కంచంలో చెయ్యి పెట్టింది. వీర్రాజు చూసి లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి మొహం కడుక్కుని లోపలికి వచ్చాడు.

బడిలో వస్తువులు తక్కువ. ఏదైనా చేసిస్తానని వీర్రాజు ఒప్పుకున్నాడు. ఫౌండ్రీలో మిగిలిన టేకు ముక్కను అడిగి తెచ్చుకుని, రెండు ఆదివారాలు కూర్చుని, ఒక దిమ్మకు పది గుంటలు తొలిచాడు. వాటిలో దిగే పది బిరడాలు గుండ్రంగా తిప్పి చెక్కాడు. ఒకదానికంటే ఒకటి లావు, ప్రతిదానికీ తలమీద చిన్న పిడి. సంక్రాంతి వెళ్ళిన వారం బడికి ఇచ్చాడు. అది వాడు చేసిన అందమైన పనుల్లో ఒకటని ఇప్పటికీ అంటాను.

ఆ రోజు నుంచి అన్నపూర్ణ ఆ దిమ్మ తప్ప ఇంకోటి ముట్టలేదు. తొమ్మిది బిరడాలు దిగేవి. అన్నిటికంటే లావుది దిగేది కాదు. మిగతా పిల్లలు కాసేపు నొక్కి చూసి, వదిలేసి, ఇంకో పని చూసుకునేవారు. అన్నపూర్ణ మాత్రం నాన్న చేసిందని పొద్దంతా దాని ముందే కూర్చునేది. వారం దాటాక నేను బడికి వెళ్ళి కిటికీలోంచి చూశాను. పిల్ల వేళ్ళు ఎర్రగా కమిలి ఉన్నాయి.

"అమ్మా, కాస్త సాయం పట్టకూడదా?" అని శకుంతలను అడిగాను.

"జెర ఓపిక పట్టుండ్రి పెద్దయ్యా. పిల్ల పని చేసుకుంట ఉంటే నడుమల మనం చెయ్యి పెట్టొద్దు. తప్పు ఏడున్నదో ఆ చెక్కనే చెప్తది. నేను దింపి చూపిన, దిగింది."

ఆమె అబద్ధమాడలేదు. మరి రెండు రోజులకు పిల్ల బడికి వెళ్ళనంది. ఆ రాత్రి కంచం ముందు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కూర్చుంది. మళ్ళీ ముద్ద నేనే పెట్టాల్సి వచ్చింది. నాకు కోపం వచ్చింది. "ముందే చెప్పాను. ఇదేం బడిరా? దీన్ని అమ్మమ్మ దగ్గర వదిలేద్దాం" అన్నాను. వీర్రాజు "తీసుకెళ్ళండి నాన్నా" అన్నాడు. సామర్లకోటలో వాళ్ళ అమ్మమ్మ వెంకటరమణమ్మ గారింట్లో నేనే దింపి వచ్చాను. తిరిగొస్తుంటే పిల్ల నన్ను ఆపలేదు, ఏడవలేదు.

ఫిబ్రవరి నెలాఖరున వీర్రాజు పిల్ల చెప్పులు తెచ్చుకుందామని బడికి వెళ్ళాడు. నేనూ వెంట ఉన్నాను. దిమ్మ బల్లమీద కనిపించింది. ముందు అరచేత్తో నొక్కాడు, పెద్ద బిరడా దిగింది. దాన్ని పీకి, ఈసారి పిల్లలు పట్టుకున్నట్టు పిడిని రెండు వేళ్ళతో పట్టుకుని వదిలాడు. అంచు దగ్గరే ఆగిపోయింది. జేబులోంచి స్కేలు తీసి కొలిచాడు. గుంట కొలిచాడు, బిరడా కొలిచాడు, మళ్ళీ గుంట కొలిచాడు.

"ఏమైందిరా?"

"స్కేలు తేడా నాన్నా. గుంటలు మామూలు అంగుళాల కొలతున్న బిట్లతో తొలిచాను. బిరడాలు ఫౌండ్రీ స్కేలుతో కొలిచాను."

ఇనుము చల్లారితే కుదించుకుపోతుంది. అందుకని ఫౌండ్రీ వాళ్ళ స్కేలులో అడుగు మామూలు అడుగుకంటే అంగుళంలో ఎనిమిదో వంతు పొడవుంటుంది. మూడేళ్ళుగా వాడి చెయ్యి ఆ స్కేలుకే అలవాటు పడింది. సన్న బిరడాల్లో ఆ తేడా తెలియలేదు. లావుదానిలో తెలిసింది. పెద్దవాళ్ళ అరచేతి బలం దాన్ని కప్పేసింది.

శకుంతల గోడకు ఆనుకుని నిలబడింది. "నేను గుడ అరచేత్తోనే దింపిన అన్నా. రెండు వేళ్ళతోని చూడలే. పిల్ల తప్పు లేకుండెనే."

"లేదమ్మా" అన్నాడు వాడు.

ఆ రాత్రే ఉత్తరం రాశాడు. 'అన్నపూర్ణా, నువ్వు సరిగ్గానే పెట్టావు. నాన్న తప్పుగా చేశాడు.' అంతే రాశాడు. పది రోజులకు వెంకటరమణమ్మ గారి జవాబు వచ్చింది. ఉత్తరం మూడుసార్లు చదివి వినిపించారట. పిల్ల విని, అటు తిరిగి పడుకుందట. ఇంకా ముద్ద కలిపి పెడుతున్నారట.

భార్య పోయినప్పుడు తప్ప మూడేళ్ళలో ఒక్కరోజు కూడా మానని నా కొడుకు సామర్లకోట వెళ్ళడానికి ఇరవై రోజులు సెలవడిగాడు. ప్రయాణమయ్యే పొద్దున సంచి సర్దుతుంటే అడిగాను, "రానంటే ఏం చేస్తావురా?"

"వద్దంటే వదిలేసి వస్తాను నాన్నా. ఎత్తుకుని మాత్రం రాను. ఈ ఇరవై రోజులూ దాని పక్కన కూర్చుంటాను."

నేనైతే ఎత్తుకొచ్చేవాణ్ణి. కానీ అక్కడ దింపి వచ్చిందీ నేనే గనక సంచి అందుకుని వాడి వెంట నడిచాను. సికింద్రాబాదులో రైలెక్కించి వచ్చాక ఐలన్న, "పిల్లతోనే వస్తడులే తాతా, పరేషాన్ గాకు" అన్నాడు. ఐలన్నకేం తెలుసు, నాకేం తెలుసు. వీర్రాజు వెళ్ళాక, ఇది రాస్తున్న ఈ రోజు దాకా ఒక్క కార్డు వచ్చింది. చేరానని మాత్రమే రాశాడు, పిల్ల గురించి ఏమీ లేదు. సోమవారం డ్యూటీలో చేరాలి గనక ఒక రోజు ముందే ఇల్లు చేరాలి. ఒక్కడే వస్తాడో, ఇద్దరూ వస్తారో గానీ, వీర్రాజు తిరిగి రావలసింది 1974 ఏప్రిల్ 14, ఆదివారం.